వాటా ఉంటే చాలదు, మాట ఉండాలి

చిన్న పట్టణాలలో హస్తకళావస్తువులు అమ్మే దుకాణాలకు పెట్టుబడి దొరకడం దుర్లభంగా ఉన్నది. కొయ్యబొమ్మలు, కలంకారీ వస్త్రాలు, ఇత్తడి సామాను, తోలుబొమ్మలు అమ్ముకొనే చిన్న కొట్టుకు తాకట్టు పెట్టడానికి ఆస్తి ఉండదు. తాకట్టు లేనిచోట అప్పు పుట్టదు. అప్పుడు దాని యజమాని చూపు సహజంగానే నెలజీతం వచ్చే ఇంటిమీద, ముఖ్యంగా పదవీ విరమణ చేసి భవిష్యనిధి, గ్రాట్యుటీ సొమ్ము చేతికందిన రైల్వే, తపాలా ఉద్యోగిమీద పడుతుంది. మీరు శ్రమపడనక్కర లేదు, సొమ్ము పెట్టండి, వాటా తీసుకోండి అన్న ఆహ్వానం అందుతుంది.

ఈ ఆహ్వానాన్ని ఒక కుటుంబపు సొంత వ్యవహారంగా భావించి ఊరుకోవడం ఈ పత్రికకు తగదు. అందులో ఒకవైపు ముప్ఫయి ఏండ్ల సేవాఫలం ఉన్నది. మరొకవైపు ఆ దుకాణానికి సరుకు చేసియిచ్చే చేతిపనివారి బ్రతుకు ఉన్నది. మా అభిప్రాయాన్ని ముందుగానే సూటిగా చెబుతున్నాము. స్థానిక హస్తకళల దుకాణంలో భాగస్వామి కావడం మెచ్చదగిన పనే. కాని లెక్కలు చూసే హక్కు, నిర్ణయాలలో మాట, సరుకు చేసినవానికి సైతం సమాన స్థానం లేని వాటా యాజమాన్యం కాదు. అది పూచీ లేని అప్పు మాత్రమే.

ఈ దుకాణాలు ఎవరి పెట్టుబడితో నడుస్తున్నాయో మొదట పరిశీలించాలి. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కర్ర కావాలి. దానిని ఆరబెట్టి, భాగాలుగా చెక్కి, చింతగింజల పిండితో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆపైన రంగులు వేయాలి. ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్రను తరిణెపై త్రిప్పి లక్కరంగు పట్టించాలి. ఈ పనులన్నిటికీ కర్ర ఖర్చు, రంగుల ఖర్చు, రోజుల కొలది శ్రమ ముందుగానే పెట్టేది చేతిపనివాడు. సరుకు దుకాణానికి చేరిన తరువాత, అమ్ముడుపోతేనే సొమ్ము అనే ఒప్పందం ఉంటే, అల్మారాలో బొమ్మ కూర్చున్నన్ని రోజులూ పెట్టుబడి అతనిదే. విరిగినా, రంగు వెలిసినా నష్టమూ అతనిదే. అంటే, పత్రాలమీద పేరు లేకపోయినా ఆ దుకాణంలో మొదటి పెట్టుబడిదారు అతడే. క్రొత్తగా వాటా తీసుకొనేవాడు తెలిసో తెలియకో అతని తలపై కూర్చునే అవకాశం ఉన్నది. లాభం పంచుకొనే చేతులు పెరిగి, చేసే చేయి ఒక్కటే మిగిలితే, ఆ పెరిగిన భారం చివరకు పడేది బొమ్మకు ఇచ్చే ధరమీదనే.

ఇక చట్టం విషయం. సర్వీసులో ఉన్న సభ్యులు దీనిని ఏమరుపాటుగా చూడరాదు. తపాలా ఉద్యోగులకు వర్తించే 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి గాని, 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళి గాని, 15వ నియమంలో ఒకే సంగతి చెబుతున్నాయి. ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని ఏ వ్యాపారంలోనూ పాల్గొనరాదు. వ్యాపారం చేసేది భార్యయైనా, ఇతర కుటుంబ సభ్యులైనా ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలి. కనుక ఇంట్లో వారి పేరు వ్రాసి తాను వెనుకనుండి నడిపించడం మార్గం కాదు. వాటా వద్దు, వడ్డీకి ఇస్తాను అనడమూ కుదరదు. వ్యక్తులకు వడ్డీకి అప్పివ్వడాన్ని 16వ నియమం నిషేధిస్తున్నది. ప్రధానంగా ప్రభుత్వోద్యోగుల మేలుకై రిజిస్టరైన సహకార సంఘపు నిర్వహణలో, ఎన్నికైన పదవి లేకుండా పాల్గొనడానికి మాత్రం నియమావళి అనుమతిస్తున్నది. హస్తకళల దుకాణం ఆ కోవలోకి వస్తుందని మనకు మనమే అనుకోరాదు. వ్రాతపూర్వకంగా అడిగి, వ్రాతపూర్వకమైన జవాబు పొందాలి. గ్రామీణ డాక్ సేవకులకు నియమావళి వేరు; వారు దానిని విడిగా చూసుకోవాలి.

పదవీ విరమణ చేసినవారికి ఈ ప్రవర్తనా నియమాల బంధం లేదు. కాని వారికి మరొక చిక్కు ఉన్నది. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం, భాగస్వామ్య వ్యాపారంలో చేరినవాని బాధ్యత అతడు పెట్టిన సొమ్ముతో ముగియదు. తాను భాగస్వామిగా ఉన్న కాలంలో సంస్థ చేసిన అప్పులకు ప్రతి భాగస్వామీ, ఇతరులతో కలిసి గాని ఒంటరిగా గాని, పూర్తిగా బాధ్యుడు. లక్ష రూపాయలు పెట్టినవాడు, తనకు తెలియకుండా తోటి భాగస్వామి వ్యాపారం పేర చేసిన అయిదు లక్షల అప్పుకు ఇల్లు అమ్మి చెల్లించవలసిన పరిస్థితి రావచ్చు. లెక్కల పుస్తకాలు చూసి, నకలు తీసుకొనే హక్కును అదే చట్టం ఇచ్చింది. కాని సంస్థ రిజిస్టరు కాకపోతే, ఒప్పందం ప్రకారం తనకు రావలసినదానికై తోటి భాగస్వామిమీద దావా వేయడానికే ఆటంకం కలుగుతుంది. మీరు ఊరక కూర్చోండి, లాభం ఇంటికి వస్తుంది అనే మాటలోని ప్రమాదం ఇది. కూర్చున్నవానికి లాభం వస్తుందో రాదో గాని, అప్పు మాత్రం తప్పక వెతుక్కుంటూ వస్తుంది. 2008 నాటి పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టం ఈ భయాన్ని చాలావరకు తొలగిస్తుంది. అయితే దుకాణంలో ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్నకు అది దానంతట అది జవాబు చెప్పదు.

ఆ జవాబు సహకారోద్యమంలో ఉన్నది. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో కొందరు శ్రామికులు ఒక చిన్న దుకాణం తెరిచారు. వారిలో అనేకులు నేత కార్మికులు. సభ్యులు 28 మంది. మూలధనం 28 పౌండ్లు. ఒక్కొక్క పౌనును వారానికి కొద్ది పెన్నీల చొప్పున కూడబెట్టి చెల్లించినవారు వారు. వెన్న, పంచదార, పిండి, కొవ్వొత్తులు మొదలైన కొద్దిపాటి సరుకులతో మొదలైన ఆ దుకాణం లోకానికిచ్చిన సూత్రం ఒక్కటే: ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. మన దేశంలోనూ నిదర్శనం ఉన్నది. 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయడానికి పూనుకొన్నప్పుడు, వీధిన పడనున్న కార్మికులు ఎ. కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని తామే నడుపుకొన్నారు. బల్లలు తుడిచిన చేతులే లెక్కలూ వ్రాశాయి.

ఈ సూత్రాన్ని మన పట్టణానికి అన్వయించి చూద్దాము. దుకాణానికి లక్ష రూపాయల మూలధనం కావాలనుకొందాము. నలభై మంది తలకు 2,500 రూపాయల చొప్పున వేస్తే ఆ మొత్తం సమకూరుతుంది. వారిలో ఇరవై అయిదుగురు చేతిపనివారు, పదిహేనుగురు విశ్రాంత ఉద్యోగులు. చేతిపనివాడు 2,500 రూపాయలు ఒక్కసారి ఇవ్వలేడు. అతనికి చెల్లించే ధరలో నూటికి అయిదు రూపాయలు వాటా క్రింద జమకడితే, 50,000 రూపాయల సరుకు ఇచ్చేసరికి అతని వాటా పూర్తి అవుతుంది. మనిషికి ఒకటే ఓటు కనుక, డబ్బు ముందు ఇచ్చినవారు సరుకు చేసినవారిని అణగద్రొక్కలేరు. తెలుగు రాష్ట్రాలలో ఇటువంటి సంఘానికి 1964 నాటి సహకార సంఘాల చట్టం ఒక దారి. ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యులే నడుపుకొనే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం మరొక దారి. ఉత్పత్తిదారుల కంపెనీ అనే మూడవ రూపం కూడ ఉన్నది; అందులో ఉత్పత్తిదారులకే సభ్యత్వం కనుక, ఉద్యోగి దానికి కొనుగోలుదారుగా, సలహాదారుగా మాత్రమే తోడ్పడగలడు.

సహకార సంఘమనే పేరు పెట్టినంతనే అన్నీ చక్కబడతాయని మేము చెప్పడం లేదు. సర్వసభ్య సమావేశం జరగని సంఘాలు, ఏండ్ల తరబడి ఆడిట్ కాని సంఘాలు, గోదాములో సరుకు పేరుకొనిపోయిన చేనేత సంఘాలు మనమెరిగినవే. అభిమానం ఒక్కటే బొమ్మలను అమ్మదు. ఏ వస్తువు ఏ కాలంలో పోతుందో తెలిసిన మనిషి, నిఖార్సయిన లెక్క, నాణ్యతలో రాజీపడని ఎంపిక దుకాణానికి ప్రాణం. నలభై మంది యజమానులున్నచోట రోజువారీ నిర్ణయం ఒకరికి అప్పగించి, అతనిని నెలనెలా నిలదీసే క్రమశిక్షణ ఉండాలి. పొదుపు పరపతి సంఘాలలో వార్షిక లెక్కలను తరచి చూసే అలవాటున్న మన సభ్యులు ఆ క్రమశిక్షణను ఇటువంటి దుకాణానికి అందించగలరు. సొమ్ముకంటె విలువైన వాటా అదే.

కనుక వాటా సొమ్ము చెల్లించే ముందు ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నలు వేయాలని కోరుతున్నాము. దుకాణం ఏ చట్టం క్రింద రిజిస్టరైనది? నష్టం వస్తే నా బాధ్యత ఎంతవరకు? నాకిచ్చేది ఓటున్న సభ్యత్వమా, ఓటు లేనిదా? గడచిన మూడేండ్ల ఆడిట్ లెక్కలు చూపుతారా? అల్మారాలలోని సరుకు కొన్నదా, అమ్మిపెట్టడానికి తెచ్చినదా? కొన్నదైతే చేతిపనివారికి ఎన్ని రోజులకు సొమ్ము ముట్టుతున్నది? నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థల నుండి సరుకు కొన్నవారు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ నిలుపరాదని 2006 నాటి చట్టం శాసించింది. ఆ గడువు పాటించని దుకాణంలో వాటా తీసుకోవడమంటే మరొకరి జీతబాకీలో వాటా తీసుకోవడమే. నెల మొదట జీతం ఒక్కరోజు ఆలస్యమైతే సహించని మనం దానికి ఒప్పుకోరాదు.

సొమ్ము పెట్టలేనివారు చేయగల సహాయమూ స్వల్పమైనది కాదు. 2022లో రైల్వేలు ప్రవేశపెట్టిన ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి పథకం క్రింద స్థానిక చేతిపనివారికి స్టేషన్లలోనే అమ్మకపు స్టాళ్ళు లభిస్తున్నాయి. అదే సంవత్సరంలో తపాలా శాఖ ప్రారంభించిన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలద్వారా చిన్న ఉత్పత్తిదారు తన సరుకును విదేశాలకు పార్సెలుగా పంపుకోవచ్చు. స్టాలుకు దరఖాస్తు ఎలా పెట్టాలో, పెళుసైన బొమ్మను పగలకుండా ఎలా కట్టాలో, ఏ పత్రం నింపాలో చెప్పగలవారు మనవారే. దళారి చేతికి పోకుండా ఆ సదుపాయం నిజమైన చేతిపనివానికి అందేటట్లు చూడడం కార్మికుని పట్ల కార్మికునికి ఉండవలసిన బాధ్యత.

జీవితకాలపు పొదుపును ఎక్కడ పెట్టాలన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. ఆ పొదుపంతా ఒకే చోట పెట్టవద్దని, పోయినా ఇల్లు గడిచే మేరకే వాటా తీసుకోవాలని మా హితవు. చేరదలచినవారు మాత్రం చేతిపనివారిని వెంటబెట్టుకొని చేరాలి, ఓటుతో చేరాలి, లెక్కల పుస్తకం తెరిపించి చేరాలి. బొమ్మ చేసినవాడు తన పేరు వాటాదారుల జాబితాలో చదువుకోగలిగిన దుకాణమే మన సొమ్ముకు తగిన దుకాణం.