శివారుకు చేరని సాయం

కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958లో సర్కారు ఖజానా సొమ్ముతో పుట్టలేదు. ఊరి పెద్దలు సొసైటీగా ఏర్పడి, తణుకు పారిశ్రామికవేత్త ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ వంటివారి అండతో దాన్ని నిలబెట్టారు. అది ప్రభుత్వపరం కావడం తర్వాతి ముచ్చట. అక్కడ చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్లు కళాశాలకూ, జనరల్ ఆస్పత్రికీ ఇప్పటికీ విరాళాలు పంపుతూనే ఉన్నారు. చదువు కోసమని అడిగితే గోదావరి జిల్లాల్లో లేదనేవాళ్లు తక్కువ. కానీ దాతల ఉదారత ఎక్కువగా భవనాల దగ్గరా, ప్రభుత్వాల సాయం ఎక్కువగా మొదటి డిగ్రీ ఫీజు దగ్గరా ఆగిపోతున్నాయి. ఆ తర్వాత ఎండీ, ఎండీఎస్, ఎమ్మెస్సీ నర్సింగ్, ఎంపీటీ (ఫిజియోథెరపీ), ఎంఫార్మసీ చదివే పిల్లలకు అందే సాయం అంతంతమాత్రమే. కాలవ నిండా నీళ్లు పారుతున్నా శివారు చేను ఎండినట్టుంది పరిస్థితి.

కళాశాలలకు కొదవ లేదు. రాజానగరంలో జీఎస్ఎల్, అమలాపురంలో కిమ్స్, ఏలూరులో ఆశ్రం, భీమవరంలో విష్ణు డెంటల్ ఉన్నాయి. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులలో 150 ఎంబీబీఎస్ సీట్ల చొప్పున ప్రభుత్వ కళాశాలలు కూడా మొదలయ్యాయి. అయితే కొత్త ప్రభుత్వ కళాశాలల్లో సగం సీట్లకే ఏడాదికి 15 వేల రూపాయల ఫీజు పెట్టారు. 35 శాతం సీట్లకు 12 లక్షలు, 15 శాతం ఎన్నారై సీట్లకు 20 లక్షలు నిర్ణయించారు. సర్కారు బోర్డు కిందే ఒక సీటుకు మూడు ధరలన్నమాట. మొదటి మెట్టు మీదే ఇలా ఉంటే పై మెట్ల సంగతి వేరే చెప్పాలా?

2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చేరేవారికి ఫీజు రీయింబర్స్‌మెంటు, వసతి సాయం రెండూ ఆగిపోయాయి. ఖజానా వైపు వాదన లేకపోలేదు. డబ్బు పరిమితం, ముందు డిగ్రీ చదివేవాళ్లకు దక్కాలి, పీజీ అయ్యాక ఎలాగూ బాగా సంపాదిస్తారు అంటారు. స్పెషలిస్టు డాక్టరు విషయంలో ఈ మాట కొంతవరకు నిజమే. ప్రైవేటు ఆస్పత్రిలో చాలీచాలని జీతానికి పనిచేస్తూ పైచదువు చదవాలనుకునే నర్సుకు, ఫిజియోథెరపిస్టుకు మాత్రం ఇది వర్తించదు. నర్సింగ్ కళాశాలల్లో పాఠాలు చెప్పాల్సింది రేపు ఈ పీజీలే. వాళ్ల చదువు ఆగితే కొత్త కళాశాలలకు టీచర్లు దొరకరు.

ఇక స్టైపెండు. 2022 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం 15 శాతం పెంచాక హౌస్ సర్జన్‌కు నెలకు 22,527 రూపాయలు, మొదటి ఏడాది పీజీకి 50,686, మూడో ఏడాదికి 56,319 అయ్యాయి. ప్రైవేటు కళాశాలలు కూడా పీజీలకు ఇదే స్థాయిలో ఇవ్వాలని జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు చెబుతున్నాయి. ఆచరణ ఎలా ఉందో తెలుసుకోవడానికి కమిషనే దేశవ్యాప్తంగా ఆరా తీసింది. లెక్కలోకి తీసుకున్న 7,901 మంది పీజీల్లో 2,110 మంది తమకు స్టైపెండే అందడం లేదన్నారు. సగానికి పైగా విద్యార్థులు తమకొచ్చేది ప్రభుత్వ కళాశాలలు ఇచ్చేదానితో సమానం కాదన్నారు. ఇచ్చిన డబ్బు యాజమాన్యమే వెనక్కి తీసుకుంటోందని 1,228 మంది చెప్పారు. అంటే బ్యాంకు ఖాతాలో పడినట్టు కాగితం ఉంటుంది, సొమ్ము మాత్రం విద్యార్థి చేతిలో ఉండదు. మార్కులు, థీసిస్ సంతకం, హాజరు అన్నీ ఆ యాజమాన్యం చేతుల్లోనే ఉన్నప్పుడు పేరు పెట్టి ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికుంటుంది?

స్టైపెండు లేనివాళ్లకు మిగిలేది బ్యాంకు. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా తాకట్టు అడుగుతారు. మేనేజరు ముందు పెట్టాల్సింది పట్టాదారు పాసుపుస్తకం, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, వాటి మీద లాయరు లీగల్ ఒపీనియన్. డెల్టాలో వ్యవసాయం చాలావరకు కౌలుదారుల చేతుల్లో ఉంది. అయిదెకరాలు సార్వా, దాళ్వా పండించే తండ్రి పేరున అయిదు సెంట్లు ఉండకపోవచ్చు. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది. అదీ భూయజమాని సంతకం పెడితేనే. దాంతో పంట రుణం పుట్టవచ్చేమో గానీ కూతురి పీజీకి తాకట్టు పుట్టదు. పొలం ఉన్న ఆసామి పొలాన్ని పెట్టి గట్టెక్కుతాడు, లేని కౌలుదారు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. ఒకే కళాశాలలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరికి చదువు ఖరీదు ఒక్కటి కాకుండా పోతోంది.

కేంద్ర పథకాలు ఈ లోటును కొంతే పూడుస్తున్నాయి. ఏటా నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు చదువుకాలంలోనూ, ఆపై ఏడాదీ వడ్డీని కేంద్రం భరించే పథకం మంచిదే. కానీ అది జీవితంలో ఒక్కసారే. డిగ్రీలో వాడుకుంటే పీజీకి ఉండదు. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి తాకట్టు లేని రుణం ఇస్తుంది. అందుకు ముందు కళాశాల నాణ్యమైన సంస్థల జాబితాలో ఉండాలి. అది మొదట 860 సంస్థలతో, ప్రధానంగా జాతీయ ర్యాంకుల ఆధారంగా తయారైంది. ఇంటి దగ్గరే ఉండి చదవక తప్పని పేద విద్యార్థిని ర్యాంకు లేని కళాశాలలో చేరితే ఆ రుణం ఆమెకు లేదు. అవసరం ఆమెది, పరీక్ష కళాశాలకు!

వైద్య వృత్తుల్లోనూ పెద్దపీట, చిన్నపీట ఉన్నాయి. ఫార్మసీ పీజీ పరీక్ష జీప్యాట్‌లో అర్హత సాధించి గుర్తింపు ఉన్న కళాశాలలో ఎంఫార్మసీ చేరితే ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయలు ఇస్తుంది. ఎమ్మెస్సీ నర్సింగ్ చదివే అమ్మాయికి అంతటి భరోసా కనిపించదు. ఈ తేడా మన దగ్గరే కాదు. అమెరికాలో 2025 జులై చట్టం పీజీ విద్యార్థుల ఫెడరల్ రుణాలకు పరిమితులు పెట్టింది. ప్రొఫెషనల్ కోర్సులైతే మొత్తం రెండు లక్షల డాలర్లు, మిగతా పీజీ కోర్సులైతే లక్ష. ఆ తర్వాత అక్కడి విద్యాశాఖ ప్రతిపాదించిన ప్రొఫెషనల్ జాబితాలో వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ ఉన్నాయి గానీ నర్సింగ్, ఫిజియోథెరపీ లేవు. నర్సుల సంఘాలు భగ్గుమన్నాయి. రోగి మంచం పక్కన ఎక్కువసేపు నిలబడేవారికి చదువు సాయంలో చివరి వరుస దక్కడం రెండు దేశాల్లోనూ ఒకటే.

డబ్బు ఇబ్బంది మనసును వదిలిపెట్టదు. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. సర్వేలో 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు పాల్గొన్నారు. తమకు మానసిక సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని ఎంబీబీఎస్ వారిలో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం చెప్పారు. పీజీల్లో దాదాపు మూడోవంతు మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. వారానికి 74 గంటలకు మించి డ్యూటీ వేయవద్దనీ, ఒకరోజు సెలవు తప్పనిసరనీ, మధ్యలో సీటు వదిలితే లక్షలు కట్టించుకునే బాండ్లు ఎత్తేయాలనీ టాస్క్‌ఫోర్స్ సూచించింది. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు ఇస్తూ, వందమంది లేదా అంతకు మించి చదివే ప్రతి సంస్థలో అర్హులైన కౌన్సెలర్ ఉండాలంది. కానీ ఆ కౌన్సెలర్ జీతం, ఉద్యోగం ప్రిన్సిపల్ చేతిలో ఉన్నంతకాలం తన బాధ చెప్పుకోవడానికి ఆ గది తలుపు తట్టే పీజీలు ఎందరుంటారు? 14416 నంబరుతో టెలీ మానస్ ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు. అది ఆపద వేళ ఆసరా మాత్రమే. మూడేళ్ల అప్పునూ, ముప్పై ఆరు గంటల డ్యూటీనీ ఫోను తీర్చలేదు.

ఏం చేయాలి? మొదటిది, కళాశాలలు స్టైపెండు చెల్లింపు వివరాలను నెలనెలా ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో పెట్టాలి. అఫిలియేషన్ తనిఖీలో విద్యార్థుల బ్యాంకు స్టేట్‌మెంట్లను విడిగా, గోప్యంగా చూడాలి. రెండోది, కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకున్న కౌలుదారు, కూలీల పిల్లలకు ఏడున్నర లక్షలు దాటిన రుణానికి రాష్ట్రమే హామీదారుగా నిలవాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు తలుపు పీజీలకు తెరిచేటప్పుడు ముందు నర్సింగ్, ఫిజియోథెరపీ వాళ్లను పిలవాలి. మూడోది, బాండు పేరుతో బెదిరించడం మాని, సేవకు ప్రతిఫలంగా అప్పు తీర్చాలి. అమెరికాలో నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ దశాబ్దాలుగా చేస్తున్న పని ఇదే. రంపచోడవరం, చింతూరు ఏజెన్సీలోనో, లంక గ్రామాలను ఆనుకున్న పీహెచ్‌సీల్లోనో పనిచేసిన ప్రతి ఏడాదికీ రుణంలో ఇంత భాగం మాఫీ అంటే, గోదావరి జిల్లాలకు డాక్టర్లూ దొరుకుతారు, నర్సులూ దొరుకుతారు. నాలుగోది, కౌన్సెలర్లను కళాశాల కాకుండా విశ్వవిద్యాలయం నియమించాలి, జీతమూ అదే ఇవ్వాలి.

దాతలకు, పూర్వ విద్యార్థి సంఘాలకు కూడా ఒక విన్నపం. భవనాలు కట్టించే బాధ్యత ప్రభుత్వానిది. మీరిచ్చే దానిలో కొంత భాగాన్ని శాశ్వత నిధిగా వేయండి. హఠాత్తుగా తండ్రి మంచం పట్టినప్పుడు పరీక్ష ఫీజు, మెస్ బిల్లు, థీసిస్ ఖర్చు దాని వడ్డీతో గడుస్తాయి. పేరు చెక్కించుకోవడానికి గోడ ఉండదు నిజమే, కానీ ఒక సీటు మధ్యలో ఖాళీ కాకుండా ఆగుతుంది.

ప్రభుత్వాలకైతే విన్నపం కాదు, లెక్క అడగాలి. బడ్జెట్‌లో కొత్త వైద్య కళాశాల పద్దు రాసిన ప్రతిసారీ, ఆ కళాశాలలో చదివే పేద విద్యార్థిని చివరి ఏడాది దాకా నిలబెట్టే పద్దు కూడా పక్కనే రాయాలి. ఆ రెండో పద్దు లేనంతకాలం సీట్లు ఎన్ని పెరిగినా అవి పొలం ఉన్నవాళ్లకు పెరిగినట్టే లెక్క.