మెడికల్ షాపు ట్యూబుతో మొండిబారుతున్న తామర: మగవాళ్ల సిగ్గు చాటున పెరుగుతున్న సమస్య

మెడికల్ షాపులో ఆడవాళ్లు ఉంటే కాసేపు పక్కన నిలబడతారు. వాళ్లు వెళ్లాక కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి, 'భాయ్, దురదకు ఏదైనా మంచి ట్యూబ్ ఇవ్వు' అంటారు. ఎక్కడ దురద, ఎన్నాళ్ల నుంచి, షుగర్ ఉందా అని అటువైపు నుంచి ప్రశ్న రాదు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది. ట్యూబ్ ఆపిన కొద్ది రోజులకే మళ్లీ మొదలవుతుంది, ఈసారి ఇంకాస్త వెడల్పుగా.

గజ్జల్లో, మర్మాంగాల దగ్గర నెలల తరబడి తగ్గని దురదతో బాధపడే మగవాళ్లలో చాలామంది కథ ఇదే. భార్యకు చెప్పరు, అన్నదమ్ములకు చెప్పరు, డాక్టర్‌కైతే అసలే చెప్పరు. ఒక ట్యూబ్ పని చేయకపోతే ఇంకో ట్యూబ్ మారుస్తారు. ఇది ఒక మనిషి పరేషానీగా మిగిలిపోలేదు. గత పదేళ్లకు పైగా దేశంలోని చర్మవ్యాధి నిపుణులు దీన్ని ఒక అంటువ్యాధి స్థాయి సమస్యగా చెబుతున్నారు. ఒకప్పుడు రెండు మూడు వారాల పూతమందుతో పోయిన తామర ఇప్పుడు నెలల వైద్యానికి కూడా సులువుగా లొంగడం లేదు.

ట్యూబులో ఏముంది?

తామర ఫంగస్ వల్ల వస్తుంది. చెమట, వేడి, ఒరిపిడి ఉన్న చోట అది బాగా పెరుగుతుంది. గజ్జలు దానికి సరిగ్గా సరిపోయే చోటు. ఎర్రటి అంచుతో గుండ్రంగా మొదలై తొడల మీదికి, పిరుదుల మీదికి, నడుము మీదికి పాకుతుంది.

కౌంటర్ మీద దొరికే చాలా 'ఆల్ ఇన్ వన్' ట్యూబుల్లో ఫంగస్‌ను చంపే మందుతో పాటు ఒక యాంటీబయాటిక్, ఒక గట్టి స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. ఆ స్టెరాయిడ్ క్లోబెటాసోల్ కావచ్చు, బీటామెథాసోన్ కావచ్చు, బెక్లోమెథాసోన్ కావచ్చు. స్టెరాయిడ్ చేసే పని మంటను, ఎరుపును, దురదను అణచడం. అందుకే రెండు రోజుల్లోనే హాయిగా అనిపిస్తుంది. కానీ ఫంగస్‌తో పోరాడాల్సిన చర్మపు రక్షణ శక్తిని కూడా అదే అణచేస్తుంది. పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ నిమ్మళంగా విస్తరిస్తుంది. మచ్చ ఆకారం కూడా మారిపోతుంది. దాంతో తర్వాత చూసిన డాక్టర్ సైతం అది తామరా కాదా అని తేల్చుకోలేని పరిస్థితి వస్తుంది.

పైగా మర్మాంగాల చర్మం చాలా పలచన. 1967లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ప్రకారం, స్టెరాయిడ్ మందు ముంజేతి చర్మం కంటే వృషణాల సంచి చర్మం గుండా 42 రెట్లు ఎక్కువగా శరీరంలోకి వెళ్తుంది. ఆ పరిశోధన చేసింది హైడ్రోకార్టిసోన్ అనే తక్కువ శక్తి గల మందుతో. క్లోబెటాసోల్ దానికంటే వందల రెట్లు బలమైనది. అలాంటి మందును నెలల తరబడి అక్కడ రాస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చర్మం కాగితంలా పలచబడుతుంది. తొడల మీద తెల్లటి, ఎర్రటి చారలు పడతాయి, అవి జీవితాంతం పూర్తిగా పోవు. కొందరికి వృషణాల సంచి ఎర్రగా మారి, బట్ట తగిలినా మండుతుంది. ట్యూబ్ ఆపితే మంట పెరుగుతుంది, రాస్తే తగ్గుతుంది. చివరికి మనిషి ట్యూబుకు బానిస అవుతాడు.

చట్టం ఉంది, చీటీ అడిగేవాళ్లు లేరు

ఈ మందులకు చట్టం లేదనుకుంటే పొరపాటే. చర్మవైద్యుల జాతీయ సంఘం ఏళ్ల తరబడి చేసిన విజ్ఞప్తుల తర్వాత, 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను 'షెడ్యూల్ హెచ్'లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం 328 రకాల మిశ్రమ మందులను నిషేధించింది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ కలిపిన కొన్ని పూతమందులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

మరి కౌంటర్ దగ్గర ఎందుకు మార్పు రాలేదు? కారణాలు ఒకటి కాదు. ఒక మిశ్రమాన్ని నిషేధిస్తే, అందులో ఒక మందు మార్చిన ఇంకో మిశ్రమం బజారులోకి వస్తుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తక్కువ, షాపులు ఎక్కువ. మాత్రలకు చీటీ అడిగే షాపు కూడా, పైన రాసుకునే ట్యూబే కదా అని క్రీముకు అడగదు. ఊళ్లో ఆర్‌ఎంపీ కూడా అదే ట్యూబ్ రాస్తాడు, ఎందుకంటే పేషెంటు రెండు రోజుల్లో సంతోషపడతాడు.

వీటన్నిటికీ తోడు కొనేవాడి సిగ్గు. చీటీ లేని అమ్మకం నిలబడుతున్నది దాని మీదే. డాక్టర్ ముందు బట్ట తొలగించి చూపించాల్సిన అవసరం లేకుండా పని అయిపోతుందంటే, నూట యాభై రూపాయల ట్యూబ్ చౌక బేరంగానే కనిపిస్తుంది. తర్వాత నెలల పాటు కట్టే ఖర్చు అప్పుడు లెక్కలోకి రాదు.

మందుకు లొంగని ఫంగస్

ఇంకో పరిణామం ప్రపంచం దృష్టిని ఇటు తిప్పింది. జపాన్‌లో ఉంటున్న భారత్, నేపాల్ దేశస్థుల చర్మం నుంచి తీసిన ఫంగస్‌ను పరీక్షించిన అక్కడి శాస్త్రవేత్తలు 2020లో దానికి 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే' అని పేరు పెట్టారు. తామరకు ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా వాడుతున్న టెర్బినాఫిన్ మాత్రకు ఇది చాలా సందర్భాల్లో లొంగడం లేదు. 2023 మేలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ న్యూయార్క్‌లో ఇద్దరికి ఇది సోకినట్టు ప్రకటించింది. ఆ ఇద్దరిలో ఒకరు ఈ మధ్య విదేశీ ప్రయాణమే చేయలేదు. అంటే ఫంగస్ అక్కడ కూడా మనిషి నుంచి మనిషికి పాకుతోందన్నమాట.

గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లలకు ఇది దూరపు వార్త కాదు. ఒక గదిలో ఏడెనిమిది మంది, ఒకటే వాషింగ్ మెషిన్, రోజంతా చెమట, గట్టి గుడ్డతో కుట్టిన యూనిఫాం. ఒకరికి తామర వస్తే గదిలో మిగతావాళ్లకు రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. అక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే సెలవు కావాలి, భాష రావాలి. అందుకే ఊరి నుంచి వచ్చేవాళ్లతో ట్యూబులు తెప్పించుకునేవాళ్లూ ఉంటారు. అలా వెళ్లిన ట్యూబ్ అక్కడి గదిలోనూ ఇదే పని చేస్తుంది.

దురదలన్నీ తామర కాదు

అన్ని దురదలకూ ఒకే ట్యూబ్ పనికిరాదనడానికి ఇంకో కారణం ఉంది. అక్కడ దురద రావడానికి కారణాలు చాలా.

పురుషాంగం కొన దగ్గర మళ్లీ మళ్లీ ఎరుపు, తెల్లటి పూత, మంట వస్తుంటే షుగర్ పరీక్ష తప్పనిసరి. షుగర్ ఉన్నట్టు తెలియని మగవాళ్లలో కొందరికి అదే మొదటి గుర్తు. ఇప్పటికే షుగర్ మందులు వాడేవాళ్లు కూడా ఒక సంగతి గమనించాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు రక్తంలోని చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. దానివల్ల మర్మాంగాల దగ్గర ఫంగస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. పేటెంట్లు ముగిసి ఈ మందులు చౌకయ్యాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో ముగిసింది. అందుకని వాడేవాళ్లూ పెరుగుతున్నారు. గుండెకు, కిడ్నీలకు మేలు చేసే మందులివి, దురద వచ్చిందని సొంతంగా ఆపకూడదు. మూత్రవిసర్జన తర్వాత నీళ్లతో కడిగి, ఆరబెట్టుకుని, విషయం డాక్టర్‌కు చెప్పాలి. అయితే ఆ భాగంలో తీవ్రమైన నొప్పి, వాపు, దాంతోపాటు జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లోనూ ఉండి, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. దానికి ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు రాసుకోవాలి. కొత్త సబ్బు, డెట్టాల్, వెంట్రుకలు తీసే క్రీము, అత్తరు తగిలి కూడా చర్మం మండవచ్చు. గోకి గోకి చర్మం తోలులా మందమై, ఆ గోకుడే రోగంగా మారేవాళ్లూ ఉన్నారు. పుండు, నీటి బుగ్గలు, గడ్డ, మానని తెల్లమచ్చ ఉంటే మాత్రం ట్యూబులతో కాలయాపన చేయకూడదు.

శుభ్రత లేకనా? ఖత్నా అయ్యాక కూడానా?

'రోజూ నీళ్లతో శుభ్రం చేసుకునేవాళ్లం, ఖత్నా అయినవాళ్లం, మనకెందుకు వస్తుంది?' అనే మాట మన ఇళ్లలో వినిపిస్తుంది. ఖత్నా వల్ల పురుషాంగం కొన దగ్గర వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయన్నది వైద్యులూ ఒప్పుకునే మాటే. కానీ తామర వచ్చేది గజ్జల మడతల్లో. దానికి ఖత్నాతో సంబంధం లేదు. నీళ్లతో కడుక్కోవడం మంచిదే, అయితే కడిగాక తడి అలాగే ఉండిపోతే ఫంగస్‌కు మేలు చేసినట్టు. మెత్తటి బట్టతో అద్దుకుని, ఆరాక బట్టలు వేసుకోవాలి. వ్యాధి వచ్చిందంటే మనిషి మురికివాడని కాదు.

ఇంకో అపోహ కాపురాల్లో చిచ్చు పెడుతుంది. భర్తకు అక్కడ దురద అనగానే 'ఎక్కడికైనా వెళ్లొచ్చాడా' అన్న అనుమానం. తామర ఎక్కువగా తువ్వాళ్లు, బట్టలు, పక్కబట్టలు, ఇంట్లోవాళ్ల చర్మం తగలడం ద్వారా వస్తుంది. దాన్ని చూసి మనిషి నడతను అనుమానించడం అన్యాయం. ఆ అనుమానానికి భయపడే చాలామంది దాచిపెడతారు. దాచిపెట్టేసరికి భార్యకు, ఒళ్లో కూర్చునే పిల్లలకు కూడా అంటుకుంటుంది. భర్త ఒక్కడే వైద్యం చేయించుకుంటే ఇంట్లోవాళ్ల నుంచి మళ్లీ అతనికే వస్తుంది.

ఏం చేయాలి?

మొదట, వాడుతున్న ట్యూబ్ పేరు చదవాలి. లోపలి మందుల పేర్లలో 'సోన్' అనో, 'బెటాసోల్' అనో ఉంటే అది స్టెరాయిడ్. క్లోట్రిమజోల్, లులికొనజోల్ లాగా చివర 'జోల్' ఉంటే అది చాలావరకు ఫంగస్ మందు. రెండూ ఒకే ట్యూబులో ఉంటే జాగ్రత్త పడాలి.

రెండోది, ఆ ట్యూబులన్నీ డాక్టర్‌కు చూపించాలి. తిడతారేమోనని పారేసి వెళ్లొద్దు. ఎన్నాళ్లు ఏది రాశారో తెలిస్తేనే వైద్యం సరిగ్గా సాగుతుంది. చర్మం పొట్టును కొద్దిగా గీరి మైక్రోస్కోపు కింద చూసే చిన్న పరీక్షతో ఫంగస్ ఉందో లేదో తెలుస్తుంది.

మూడోది, కోర్సు పూర్తి చేయాలి. ఇప్పటి తామరకు చాలామందికి 4 నుంచి 6 వారాలు, మొండి కేసుల్లో అంతకంటే ఎక్కువ వైద్యం అవసరమవుతోంది. దురద తగ్గింది కదా అని పదో రోజే ఆపితే కథ మళ్లీ మొదటికొస్తుంది. బిగుతు జీన్స్ తగ్గించి వదులైన నూలు బట్టలు వేసుకోవాలి. తువ్వాలు ఎవరిది వారిదే ఉండాలి. లోదుస్తులు వేడి నీళ్లతో ఉతికి ఎండలో ఆరేయాలి.

హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో, విశాఖలో కేజీహెచ్‌లో, బోధనాసుపత్రులున్న ఇతర పట్టణాల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. సుఖవ్యాధి భయం ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'సురక్ష' క్లినిక్‌లు పనిచేస్తున్నాయి, అక్కడ వివరాలు బయటపెట్టరు. వెంటనే వెళ్లలేనివాళ్లు కేంద్రం నడిపే 'ఇ-సంజీవని' ద్వారా ఫోన్‌లోనే డాక్టర్‌తో మొదటి మాట మాట్లాడుకోవచ్చు. మందు వల్ల హాని జరిగితే జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు చెప్పవచ్చు. ఇలాంటి ఫిర్యాదులు నమోదైతేనే అధికారులకు ఒత్తిడి తెలుస్తుంది.

చర్మవ్యాధులను ప్రజారోగ్య ప్రాధాన్యంగా చూడాలని 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. ఆ తీర్మానం బస్తీ దాకా రావాలంటే ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటి, ఇంట్లో జరగాల్సింది ఇంకొకటి. షాపులో చీటీ అడిగేలా చూడటం ప్రభుత్వం వంతు. కొడుకు బాత్రూంలో ఎక్కువసేపు ఉంటున్నా, కూర్చోలేక నిలబడలేక అవస్థ పడుతున్నా 'ఏమైంది బేటా' అని తండ్రి పక్కకు పిలిచి అడగడం, భర్త దాచిన ట్యూబ్ కనిపిస్తే భార్య నిలదీయకుండా 'రేపు డాక్టర్ దగ్గరికి పోదాం' అనడం ఇంటివాళ్ల వంతు.