మట్టిలో పుట్టిన ఆటకి మట్టికాళ్లు పనికిరావా?



పోయిన నెల మా హాస్టల్ నుంచి ఐదుగురం కబడ్డీ సెలక్షన్స్‌కి వెళ్లాం. చీకటితో లేచి, రెండు బస్సులు మారి. అక్కడ మ్యాట్ పరిచి ఉంది. "షూ ఏవి?" అన్నారు. లేవు. వట్టి కాళ్లతోనే దిగాం. మట్టిలో జారి తప్పించుకోవడం మాకు అలవాటు. మ్యాట్ మీద కాలు జారదు, పట్టేస్తుంది. పది నిమిషాల్లో పక్కన నిలబెట్టారు. "మీది ఊరి ఆటరా, ఇది వేరే" అని ఒకాయన నవ్వాడు.

వేరే ఆటా? ఎక్కడ పుట్టిందో ఆయనకి తెలుసా?

మనం చెడుగుడు అంటాం. మహారాష్ట్రలో హుతుతు, బెంగాల్‌లో హాడూడూ. పంజాబ్‌లో గుండ్రటి బరి గీసి ఆడతారు. పేరేదైనా కూత ఒక్కటే, కింద మట్టి ఒక్కటే. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ టైంలో ప్రదర్శించింది ఈ ఆటనే. 1990లో బీజింగ్ ఏషియన్ గేమ్స్‌లో మన దేశానికి బంగారం తెచ్చింది ఈ ఆటే. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక టీవీకెక్కింది. ఆట పైకెళ్లింది, ఆడేవాళ్లం కిందే ఉండిపోయాం.

పాత పద్ధతులు మూడున్నాయి. 'అమర్'లో అవుటైనా బరిలోనే ఉంటాడు, అవతలోళ్లకి పాయింటు పోతుంది. 'గామినీ'లో అవుటైతే జట్టంతా అవుటయ్యేదాకా బయటే. 'సంజీవని'లో అవతలోడు ఒకడు అవుటైతే మనోడొకడు తిరిగి లోపలికొస్తాడు. ఇవాళ ఎక్కువగా ఆడేది సంజీవనే. మరి మాకు మాత్రం గామినీ ఎందుకు? ఒక్కసారి పక్కన పెడితే అంతేనా?

మేం మ్యాట్‌కి వ్యతిరేకం కాదు. మట్టిలో పడి మోకాళ్లు చెక్కుకుపోయినోళ్లకి దాని విలువ బాగా తెలుసు. పరీక్ష మ్యాట్ మీద పెట్టి, ప్రాక్టీస్‌కి రాళ్ల గ్రౌండ్ ఇవ్వడమే అన్యాయం. ఆ సర్టిఫికెట్ ఉంటేనే స్పోర్ట్స్ కోటా. మాకది ఆట ఒక్కటే కాదు, సీటు, ఉద్యోగం.

మన తప్పూ ఒప్పుకుందాం. 2010 నుంచి ఏషియన్ గేమ్స్‌లో ఆడవాళ్ల కబడ్డీ ఉంది. మన హాస్టళ్లలో చెల్లెళ్ల జట్లు ఎన్ని? ఫోన్‌లో మ్యాచ్ చూసి ఈలలేస్తే సరిపోదు.

హాస్టల్‌కొకటి కాకపోయినా మండలానికొక మ్యాట్, ఆడేవాళ్లకి షూ. ఇంతే అడుగుతున్నాం. ప్రతి హాస్టల్ నుంచి సంతకాలతో అర్జీ రాద్దాం, కలిసి వెళ్లి ఇద్దాం. కూత మొదలెట్టాం, గీత ముట్టేదాకా ఆపొద్దు.

జై ఆదివాసీ!