నేరం వానది కాదు

ప్రతి ఏడూ తొలకరి పడిన కొద్దిరోజులకే ఒక విలాపం వినవలసి వస్తోంది. "నిన్నటి వానకి ఇంజన్ పోయిందండీ !" అంటారు. వానే పగబట్టి బానెట్ కిందికి దూరి ఇంజన్ని హత్య చేసిందన్నట్లు ఉంటుంది ఆ మాట. నైరుతి ఋతుపవనం చాటుమాటుగా వచ్చేది కాదు. జూన్ నెలలో చెప్పి మరీ వస్తుంది. హైదరాబాదులో 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ, విజయవాడలో 2024 సెప్టెంబరులోనూ వీధులు ఏరులై పారడం మనమంతా ఎరిగిన సంగతే. ఈ నేల మీద కారు నడిపేవాడికి నీరు అనూహ్యమైన విపత్తు కాదు, ఏటేటా ఎదురయ్యే వాతావరణం.

కనుక నా అభియోగం వాన మీద కాదు. కంపెనీ అమర్చిన ఎయిర్‌బాక్సుని పీకి అవతల పారేసి, ఆ చోట శంకువు ఆకారపు ఫిల్టరొకటి తెచ్చి, పొడవాటి గొట్టంతో బంపరు వెనక నేలబారున వేలాడదీసి, ఆ పనికి "కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్" అని ఘనమైన పేరు పెట్టి, వానాకాలంలో ఏం జరగబోతోందో చెప్పకుండా డబ్బు పుచ్చుకొనే వ్యాపారం మీద నా అభియోగం. కార్లకి మార్పులు చేయించుకోవడం తప్పని నేననడంలేదు. ఎవరి ముచ్చట వారిది. ఆ ముచ్చటకి చెల్లించవలసిన అసలు మూల్యం ముందే తెలియాలన్నదే నా వాదం.

ముందుగా లెక్క చూద్దాం. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ని తీసుకోండి. ఒక్కో సిలిండరు 300 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి పదికి ఒకటి అనుకుంటే, పిస్టన్ పైకొసకి చేరినప్పుడు దాని నెత్తిన మిగిలే ఖాళీ సుమారు 33 సీసీ. అంటే రెండు పెద్ద చెంచాల నీటికి కాస్త ఎక్కువ. 1500 సీసీ డీజిల్ ఇంజన్లో నిష్పత్తి పదహారుకి ఒకటి అయితే ఆ ఖాళీ 25 సీసీయే. గాలి అణగుతుంది, నీరు అణగదు. ఆ ఖాళీని మించి నీరు చేరిన సిలిండర్లో పిస్టన్ పైకి రాలేదు. తక్కిన సిలిండర్లూ, తిరుగుతున్న ఫ్లైవీలూ దాన్ని పైకి నెడుతూనే ఉంటాయి. చివరికి వంగేది కనెక్టింగ్ రాడ్డు. ఒక్కోసారి అది విరిగి ఇంజన్ బ్లాకుని చీల్చుకొని బయటికొస్తుంది. దీన్నే షెడ్డుల్లో "హైడ్రోలాక్" అంటారు. ఇన్ని లక్షల రూపాయల యంత్రానికి మృత్యువు రెండు చెంచాల నీటిలో ఉందన్నమాట.

ఆ నీరు లోపలికెలా వస్తుంది ? కొబ్బరిబోండాంలో స్ట్రా పెట్టి పీల్చినంత సులువుగా వస్తుంది. నీటిని ఒక అడుగు ఎత్తుకి లాగడానికి వాతావరణపీడనంలో నూటికి మూడు పాళ్ళ తేడా చాలు. ఇంజన్‌కి అదొక లెక్క కాదు. నిమిషానికి మూడువేల చుట్లు తిరిగే ఇంజన్లో ప్రతి సిలిండరూ సెకనుకి 25 సార్లు గాలి పీలుస్తుంది. గొట్టం మూతి పూర్తిగా నీటమునిగాక, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేలోపలే జరగవలసింది జరిగిపోతుంది. కనుక ఈ మొత్తం వ్యవహారంలో ప్రశ్న ఒక్కటే : గాలి పీల్చే నోరు నేలకి ఎంత ఎత్తులో ఉంది ? తక్కినవన్నీ ఈ ప్రశ్నకి అనుబంధాలు.

ఇప్పుడు ఆ పారేసిన నల్లని ప్లాస్టిక్ పెట్టె సంగతి. దాన్ని చూసి "కంపెనీవాడు ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టిన చవక డబ్బా" అని ఎగతాళి చేసేవారున్నారు. వారు బానెట్ ఎత్తి ఒకసారి శ్రద్ధగా పరిశీలించాలని నా మనవి. చాలా కార్లలో దాని నోరు రేడియేటరు పైభాగాన, బానెట్ అంచు కింద ఉంటుంది. బంపరు వెనక ఫిల్టరు నేలకి జానెడున్నర ఎత్తులో ఉంటే, ఇది తొడల ఎత్తుకి దగ్గరగా ఉంటుంది. నోటి నుంచి ఫిల్టరు దాకా దారి తిన్నగా ఉండదు. వంపులు తిరుగుతుంది. గాలి వంపు తిరగగలదు గానీ బరువైన నీటిబొట్టు తిరగలేక గోడకి కొట్టుకొని కిందికి జారుతుంది. అలా జారిన నీరు పోవడానికి పెట్టె అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దుమ్ము వస్తుందనుకొని ఆ రంధ్రానికి టేపు అంటించే మహానుభావులు కూడా ఉన్నారు ! ఎత్తు, వంపు, రంధ్రం - ఈ మూడూ కలిసి చేసే రక్షణని తీసేసి, దాని స్థానంలో మెరిసే గొట్టం పెట్టడాన్ని "అప్‌గ్రేడ్" అంటున్నారు. భాష ఎంత దయగలది !

దీనికి వారిచ్చే సమాధానం - చల్లని గాలి. చల్లని గాలి చిక్కగా ఉంటుందనీ, దానివల్ల బలం పెరుగుతుందనీ అంటారు. సిద్ధాంతం నిజమే. ప్రమాణం చూద్దాం. పది డిగ్రీలు చల్లబడితే గాలి సాంద్రత పెరిగేది నూటికి సుమారు మూడు పాళ్ళు. ఆ లాభమైనా యాక్సిలరేటరు నేలకి తొక్కినప్పుడే అనుభవానికొచ్చేది. అమీర్‌పేట ట్రాఫిక్కులో రెండో గేరుకి మించని ప్రయాణానికి దానితో ఏం పని ? పైగా కంపెనీ పెట్టె కూడా సాధారణంగా బయటిగాలినే పీలుస్తోంది. మే నెలలో సలసల కాగుతున్న తారురోడ్డుకి జానెడున్నర ఎత్తున ఉన్న గాలి దానికంటే పది డిగ్రీలు చల్లగా ఉంటుందని ఏ మనస్సాక్షితో చెప్పగలరు ? అటు పొట్టి గొట్టంతో శంకువుని బానెట్ లోపలే బిగించేవారు నీటి నుంచి కొంత తప్పించుకుంటారు. కానీ వారు పీల్చేది ఇంజన్ కాచిన వేడిగాలిని. చల్లదనం కోసం మొదలుపెట్టిన యజ్ఞం ఒకరికి వేడిగాలినీ, ఇంకొకరికి మురుగునీటినీ ప్రసాదిస్తోంది.

"మేం ఏళ్ళ తరబడి వానలో తిరుగుతున్నాం, ఏమీ కాలేదు" అనేది రెండో వాదం. నిజమే, కాకపోవచ్చు. జల్లుకి తడిసిన ఫిల్టరు నుంచి నాలుగు తుంపర్లు లోపలికి పోతే ఇంజన్ చావదు. అవి ఆవిరైపోతాయి. రెండో ప్రపంచయుద్ధకాలపు యుద్ధవిమానాల ఇంజన్లలోకి బలం కోసం నీటినీ మిథనాలునూ కలిపి కావాలనే చల్లేవారు. అయితే కొలిచి చల్లిన తుంపర వేరు, గుక్కెడు నీరు వేరు. తుంపర వల్ల కీడే లేదని కాదు. తడిసిన కాగితపు ఫిల్టరు గాలిని అడ్డగిస్తుంది. గాలి పరిమాణాన్ని కొలిచే సెన్సరు మీద నీటిబొట్లు పడితే అది తప్పుడు లెక్కలు చెబుతుంది. కానీ ఇవి జలుబు లాంటివి. హైడ్రోలాక్ ప్రాణాంతకం. జలుబు తగ్గిన అనుభవాన్ని చూపించి గుండెపోటు రాదని వాదించడం తర్కం కాదు.

మూడోది, తొడుగుల వాదం. ఫిల్టరుకి నీటిని విదిలించే బట్టతొడుగు వేస్తే సరిపోతుందంటారు. అది చిమ్మిన నీటిని ఆపుతుంది. మునిగితే ఆపదు. నీటిని విదిలించడమూ, నీరు చొరకుండా మూసేయడమూ ఒకటి కాదు. గాలి దూరే బట్టలోంచి, వెనక నుంచి పీలుస్తూ ఉంటే నీరూ దూరుతుంది. పాలిథీన్ సంచి కట్టేవారి గురించి చెప్పనక్కరలేదు. దానివల్ల ఇంజన్‌కి ఊపిరాడదు. ఆ సంచి చిరిగి ముక్కలు లోపలికి పోయే ప్రమాదమూ ఉంది. గొట్టం మధ్యలో బైపాస్ వాల్వు పెట్టడం వీటికంటే తెలివైన పని. కింది నోరు మునిగినప్పుడు పైనున్న వాల్వు తెరుచుకొని గాలినిస్తుంది, నీటిని లాగే చూషణ తగ్గుతుంది. కానీ ఆ వాల్వు కూడా నీటిమట్టానికి పైన ఉండాలి కదా ! తిరిగి తిరిగి మళ్ళీ ఎత్తు దగ్గరికే వచ్చాం.

జీపులకి పెట్టే స్నార్కెల్ ఈ సత్యాన్ని ఒప్పుకొన్న పరికరం. నోటిని పైకప్పు దాకా ఎత్తుతుంది. అయితే అదీ సగం పనితో ఫలితమివ్వదు. ప్రతి అతుకూ నీరు చొరకుండా బిగియాలి. ఎయిర్‌బాక్సు అడుగు రంధ్రానికి నీటిని బయటికి మాత్రమే వదిలే రబ్బరు వాల్వు ఉండాలి. అలంకారం కోసం స్నార్కెల్ తగిలించి, లోపల పాత పెట్టెకి కలపకుండా వదిలేసిన బళ్ళని నేను చూశాను. అది మెడలో వేసుకొన్న ఉత్తుత్తి స్టెతస్కోపు వంటిది.

మరి మార్పు కోరుకొనేవాడికి దారి లేదా ? ఉంది. కంపెనీ పెట్టెని ఉంచండి. అందులో కాగితపు ఫిల్టరు స్థానంలో అదే కొలత గల మెరుగైన ఫిల్టరు వేసుకోండి. శంకువే కావాలంటే దాని చుట్టూ మూతగల పెట్టె కట్టించి, ఆ పెట్టె నోటిని పాత నోటి ఎత్తులోనే ఉంచండి. అడుగున రంధ్రం మరవకండి. స్ప్రింగులు కోసి బండిని కిందికి దించినవారు నోరు కూడా ఆ మేరకి దిగిందని గుర్తుంచుకోండి. నిలిచిన నీటిలో మొదటి గేరులో నిదానంగా, ఒకే వేగంతో వెళ్ళండి. ఎదురుగా బస్సు వస్తోంటే ఆగండి. నీరు మోకాలి లోతే అయినా, బస్సు తోసుకొచ్చే అల అంతకంటే ఎత్తు. ఇంజన్ నీటిలో ఆగిపోతే మళ్ళీ తాళం తిప్పకండి. మొదటిసారి ఆగినప్పుడు రాడ్డు నిటారుగానే ఉండవచ్చు. దాన్ని వంచేది తరచు ఆ రెండో ప్రయత్నమే. బండిని లాగించుకుపోయి, స్పార్క్ ప్లగ్గులు తీయించి, సిలిండర్లలో నీరు వెళ్ళగొట్టించి, ఆయిలు మార్పించాకే స్టార్టు చేయాలి.

బీమా ఉందిగదా అనుకొనేవారికి ఒక మాట. ఇలాంటి ఇంజన్ నష్టం మామూలు పాలసీలో సాధారణంగా రాదు. "ఇంజన్ ప్రొటెక్షన్" పేరుతో వేరే చేర్పు కొనుక్కోవాలి. కొన్నా, కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పు బయటపడితే క్లెయిము తిరస్కరించడానికి వారికొక కారణం దొరికినట్లే. అంటే నూటికి మూడు పాళ్ళ బలం కోసం నెలనెలా కిస్తీలు కడుతున్న కుర్రవాడు రేపు నడవని కారుకి కిస్తీలు కట్టవలసి రావచ్చు.

డబ్బు మాత్రమే కాదు. 2023 మే 21న బెంగుళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నీటిలో చిక్కిన కారులో ఒక ఆంధ్ర యువతి ప్రాణం పోయింది. దానికీ ఫిల్టర్లకీ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. నీరు పెరుగుతున్న చోట కారు కదలకుండా నిలిచిపోవడమంటే ఏమిటో చెప్పడానికే ఉదహరించాను. అలాంటి చోట ఇతరుల కంటే ముందుగా ఆగిపోయే బండిని డబ్బిచ్చి తయారుచేయించుకోవడం ఏ విధమైన వివేకం ?

అమ్మేవారిని నేను కోరేది పెద్ద త్యాగమేమీ కాదు. గొట్టం బిగించాక టేపు పెట్టి, ఫిల్టరు అడుగంచు నేలకి ఎన్ని అంగుళాల ఎత్తులో ఉందో కొలిచి, ఆ అంకెని రసీదు మీద రాసివ్వండి. "ఇంతకు మించిన నీటిలో దిగవద్దు" అని పక్కన ఒక ముక్క చేర్చండి. ఆ అంకె చూశాక కూడా కొనేవాడు కొంటాడు, అది అతని స్వేచ్ఛ. కొనేవారు కూడా ఎన్ని గుర్రాల బలం పెరుగుతుందని అడిగే ముందు ఎన్ని అంగుళాలని అడగండి. ఆ అంకె చెప్పడానికి వెనకాడేవాడి చేతికి మీ కారు తాళం ఇవ్వకండి.