గడప దాటించాలా... దగ్గరే ఉంచాలా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు ఇంట్లో పండగే. మార్కులు చుట్టాలందరికీ ఫోన్‌లో చెప్పడం, పక్కింటికి స్వీట్లు పంపడం... ఆ సందడంతా రెండ్రోజులు. మూడోరోజు రాత్రి భోజనాలయ్యాక అసలు మాట బయటికొస్తుంది. ‘ఇక్కడే చేరిస్తే సాయంత్రానికి ఇంటికొస్తుంది. హైదరాబాద్ పంపాలంటే హాస్టలు ఖర్చు ఎక్కణ్నుంచి తేవాలి?’ అంటాడు తండ్రి. ‘అయినా, దాన్నొక్కదాన్నీ అంత దూరం ఎలా పంపిస్తామండీ?’ అంటుంది తల్లి. పక్క గదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్ల చెవులు మాత్రం ఇటే ఉంటాయి!

చదువు కోసం ఊరు వదలడం మనకి కొత్తేం కాదు. వారంలో ఏడు రోజులూ ఏడు ఇళ్లలో భోజనం చేస్తూ, ‘వారాలు’ చేసుకుని చదువుకున్న తాతల కథలు చాలా ఇళ్లలో ఉన్నాయి. పల్లెల నుంచి వచ్చే పిల్లలకి తలదాచుకునే చోటు ఉండాలనే హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ వెలిసింది. అప్పుడైనా ఇప్పుడైనా సమస్య ఒక్కటే... చదువు కన్నా తిండికీ నీడకీ అయ్యే ఖర్చే భారం.

ఫీజు ఒక్కటే ఖర్చా?

చాలా ఇళ్లలో లెక్క తప్పేది ఇక్కడే. ‘కన్వీనర్ కోటాలో సీటొచ్చింది, రీయింబర్స్‌మెంట్ ఉంది, ఇంకేం’ అనుకుంటారు. బోధన రుసుం ప్రభుత్వం భరిస్తుందంటే చదువంతా ఉచితమని కాదు. తెలంగాణలో ఇంజినీరింగ్‌లో చేరిన బీసీ విద్యార్థి ర్యాంకు 10 వేలు దాటితే ఏడాదికి 35 వేల రూపాయల వరకే వస్తుంది. కాలేజీ ఫీజు అంతకన్నా ఎక్కువైతే మిగతాది ఇంటివాళ్లే కట్టుకోవాలి. యాజమాన్య కోటాలో చేరితే రీయింబర్స్‌మెంట్ మాటే ఉండదు. పైగా ఆ డబ్బు ఎప్పుడొస్తుందన్నది ఇంకో బెంగ. బకాయిల కోసం 2025లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఏకంగా తలుపులు మూసి ఆందోళనకు దిగాయి. డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే నలిగేది పిల్లలే.

ఇక హాస్టలు. నెలకి 7 వేలు అనుకుందాం. ఏడాదికి పది నెలలు ఉన్నా 70 వేలు. నాలుగేళ్లకి 2 లక్షల 80 వేలు! అడ్వాన్సు, రానుపోను ఛార్జీలు, పుస్తకాలు, ల్యాప్‌టాప్, జ్వరమొస్తే మందులు... ఇవన్నీ దీనికి అదనం. కుట్టుమిషన్ మీదో కిరాణా కొట్టు మీదో నడిచే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అందుకే కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందే ఒక కాగితం మీద రెండు గడులు గీయాలి. ఒకదాంట్లో ప్రభుత్వం ఇచ్చేది, రెండోదాంట్లో చేతి నుంచి పెట్టేది. నాలుగేళ్లకీ కలిపి రాయాలి, మొదటి ఏడాదికి మాత్రమే కాదు.

బస్సులో కరిగిపోయే కాలం

దగ్గర్లోని కాలేజీ అయితే ఈ ఖర్చు తప్పుతుంది. ఆడపిల్లలకి బస్సు ఛార్జీ కూడా మిగులుతోంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టిక్కెట్టు లేదు. ‘బస్సు ఖర్చెందుకు’ అని చదువు మాన్పించే ఇళ్లలో ఇది చిన్న విషయమేం కాదు.

కానీ డబ్బు మిగిలినచోట కాలం ఖర్చవుతుంది. కాలేజీకి వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర అయితే రోజుకి మూడు గంటలు. ఏడాదికి 200 రోజులు తిరిగినా 600 గంటలు. నాలుగేళ్లకి 2,400 గంటలు... అంటే అచ్చంగా వంద రోజులు, రాత్రీ పగలూ బస్సులోనే! ఇంటికొచ్చాక ఖాళీగా ఉంటుందా అంటే అదీ లేదు. ‘ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా’ అని అంట్లు, తమ్ముడి హోంవర్కు, నానమ్మ మందులు ఆ పిల్ల నెత్తినే పడతాయి. దగ్గరే ఉంచాలనుకున్నవాళ్లు ఈ పని కూడా తగ్గించాలి. లేకపోతే హాస్టలు ఖర్చు మిగిలిందన్న మాటే గానీ, ఆ ఖర్చు పిల్ల చదువులోంచి కోసుకున్నట్టే.

అప్పు... ఎంతవరకు?

విద్యారుణం అనగానే కొందరు భయపడతారు, కొందరు ధీమాగా సంతకం పెట్టేస్తారు. రెండూ తప్పే. మన బ్యాంకులు పాటించే నమూనా పథకంలో 4 లక్షల వరకు తాకట్టు అడగరు. ఫీజుకే కాదు, హాస్టలుకీ పుస్తకాలకీ కూడా ఇస్తారు. చదువు పూర్తయ్యాక ఏడాది వరకు కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదంటే వడ్డీ పడదని కాదు!

ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 10 శాతం. చదివిన నాలుగేళ్లు, ఆపై ఏడాది కలిపి బారువడ్డీయే లక్షా 40 వేలవుతుంది. అంటే వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ 5 లక్షల 40 వేలు. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 9 వేలు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి ఇది జీతంలో పెద్ద ముక్కే.

కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, గుర్తింపు పొందిన సంస్థలో వృత్తి, సాంకేతిక కోర్సు చదివితే ఆ మధ్యకాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. అది వర్తిస్తే పై లెక్కలో వాయిదా 6,640 రూపాయలకి దిగుతుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపికచేసిన సంస్థల్లో సీటొస్తే తాకట్టూ హామీదారూ లేకుండానే రుణమిస్తారు. ఇంజినీరింగ్, డిప్లొమాలో చేరే అమ్మాయిలకి ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు. కుటుంబ ఆదాయం 8 లక్షలు మించకూడదు. వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కేముందు ఇవన్నీ అడిగి చూడాలి. అడగకపోతే అమ్మయినా పెట్టదు!

అబ్బాయికో న్యాయం... అమ్మాయికో న్యాయమా?

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే తెలియకుండానే తక్కెడ ఒకవైపు వాలుతుంది. అబ్బాయికి తక్కువ మార్కులొచ్చినా అప్పుచేసి పట్నం పంపుతారు. అమ్మాయికి మంచి ర్యాంకొచ్చినా ‘పెళ్లి ఖర్చు కూడా ఉంది కదా’ అని ఊళ్లో కాలేజీ చాలంటారు. ఖర్చు నిజమే, భయమూ నిజమే. భయానికి మందు ఉంది. తల్లిదండ్రులు ఇద్దరూ వెళ్లి హాస్టలు చూడాలి, అక్కడి పిల్లలతో మాట్లాడాలి, రాత్రి ఎవరుంటారో కనుక్కోవాలి. ఇద్దరి చదువుకీ సరిపోయేంత డబ్బు లేకపోతే, ఎవరి కోర్సుకి ఏది అవసరమో చూసి నిర్ణయించాలి గానీ ఎవరు అబ్బాయన్నది చూసి కాదు.

వాయిదా వేసినా మునిగిపోదు

ఇప్పుడే వెళ్లకపోతే ఇక ఎప్పటికీ వెళ్లలేమన్న తొందర అక్కర్లేదు. దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మూడేళ్లు చదివి, ఆ మిగిలిన డబ్బుతో పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో, ఆంధ్రా యూనివర్సిటీకో వెళ్లొచ్చు. పాలిటెక్నిక్ చదివినవాళ్లు ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. పదిహేడేళ్లకి ఒంటరిగా ఉండలేని పిల్ల ఇరవయ్యేళ్లకి ఊరిని ఏలి రావొచ్చు. మరో మాట. దగ్గర కాలేజీలో చదువు చెప్పేవాళ్లే లేకపోతే, ఆ ‘మిగులు’ మిగులు కాదు. అక్కడ చదివిన సీనియర్లని నలుగురిని అడిగితే తేలిపోతుంది.

ఇన్ని లెక్కలూ వేశాక ఆ కాగితాన్ని పక్క గదిలో ఉన్న పిల్లకి చూపించాలి. ఇంటి ఆదాయం ఎంతో, అప్పెంతో, తన మీద ఎంత పెట్టగలరో దాచకుండా చెప్పాలి. నిజం తెలిసిన పిల్ల వెళ్లినా బాధ్యతగా ఖర్చుపెడుతుంది, ఉన్నా మనసు చిన్నబుచ్చుకోదు. తన మాట అడక్కుండా పంపితే బరువు, ఆపితే కక్ష. అడిగి చేస్తే, ఏ దారైనా అది ఇంటిల్లిపాదీ కలిసి నడిచే దారే.