నలుగురి మనిషి మా అమ్మ

మొన్న మాఘమాసంలో మా అమ్మ కన్నుమూసింది. తొంభై దాటిన నిండు జీవితం. ఆమె చీమకుర్తికి కాపురానికి వచ్చేనాటికి ఇది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మెట్ట చేల పక్కన క్వారీలు లేచాయి, ఇక్కడి గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు వెళ్లింది. ఎన్ని మారినా అమ్మ కూర్చునే అరుగు ఖాళీగా ఉన్న రోజు లేదు.

మిరప కోతలప్పుడు వాకిట్లో పట్టా పరిచి కాయలు పోస్తే, ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చేరి ముచ్చికలు తీసేవారు. ఆ ఘాటుకు తుమ్ముతూనే పెళ్లి సంబంధాలు మాట్లాడేవారు, పాత అలకలు తీర్చుకునేవారు. క్వారీ పనికొచ్చిన పరాయి రాష్ట్రాల పిల్లలకూ అమ్మ కలిపి పెట్టే పండుమిరప పచ్చడి ముద్ద రుచి తెలుసు. పెద్దకర్మ నాడు ఆ పిల్లలే వరసలో నిలబడి వడ్డించారు.

ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పెంచారు. నలుగురికీ అన్నం పెట్టే చేయి ఈ గడ్డకు కొత్త కాదు. ఈ సంచిక అలాంటి అమ్మలందరికీ అంకితం. మీ ఇంటి పెద్దామె దగ్గర కాసేపు కూర్చోండి, ఆమె చెప్పేది రాసుకోండి, మాకు పంపండి. రేపటికి వాయిదా వేయకండి.