నెట్ పోయినా... మాట పోకూడదు!

అరకు వెళ్లే రైలెక్కారు. దారిలో ఉన్నామంటూ అమ్మకి వాట్సాప్‌లో సందేశం పెట్టారు. సరిగ్గా అప్పుడే రైలు సొరంగంలోకి దూరింది. సిగ్నల్ మాయం! అప్పుడు ఆ సందేశం పక్కన చిన్న గడియారం బొమ్మ కనిపిస్తుంది. ‘ఇంకా వెళ్లలేదు, నా దగ్గర భద్రంగా ఉంది’ అని దానర్థం. మళ్లీ నెట్ అందగానే దానంతటదే వెళ్లిపోతుంది. ఒక టిక్కు పడితే సర్వర్‌కి చేరినట్టు, రెండు పడితే అమ్మ ఫోన్‌కి అందినట్టు.

చూడ్డానికి చిన్న బొమ్మే. కానీ నెట్ లేనప్పుడు యాప్ ఎలా నడుచుకోవాలో అందులోనే ఉంది. మనం రాసింది పోగొట్టకూడదు. అది ఎక్కడుందో చెప్పాలి. నెట్ రాగానే మళ్లీ మనతో రాయించకుండా పంపెయ్యాలి.

అన్ని యాప్‌లూ అలా ఉంటే బాధేముంది! పిల్లాడి హాస్టల్ దరఖాస్తులో పేరు, పుట్టినతేదీ, మార్కులు అన్నీ నింపి బటన్ నొక్కేసరికి ‘ఏదో పొరపాటు జరిగింది’ అంటుంది. వెనక్కి వెళ్తే గళ్లన్నీ ఖాళీ. నింపింది నింపినట్టు ఫోన్లోనే దాచి ఉంచొచ్చుగా? దానికి నెట్‌తో పనే లేదు.

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి కదా అంటారేమో. అవి చెప్పేది మన ఫోన్‌కి టవర్ ఎంత బాగా అందుతోందన్నదే. టవర్ అవతల దారి మూసుకుపోతే గీతలున్నా నెట్ రాదు. అందుకే మంచి యాప్ గీతల్ని నమ్ముకోదు. కాసేపు చూసి, సర్వర్ నుంచి జవాబు రాకపోతే ఆ సంగతి మనకు చెప్పేస్తుంది. గిర్రున తిరిగే చక్రం చూపిస్తూ కూర్చోబెట్టదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర. కిరాణా కొట్లో యూపీఐతో అయిదొందలు పంపుతుండగా నెట్ పోయింది. డబ్బు వెళ్లిందా, లేదా? మన ఆదేశం బ్యాంకుకి చేరి, జవాబు మాత్రం దారిలో ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు యాప్‌కీ తెలియదు. తెలియనప్పుడు ‘విఫలమైంది’ అనకూడదు, ‘పెండింగ్’ అనాలి. ప్రతి చెల్లింపుకీ ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది. నెట్ వచ్చాక యాప్ ఆ సంఖ్యతోనే ఆరా తీస్తే డబ్బు రెండోసారి పోదు. మనం కంగారుపడి మళ్లీ పంపితే మాత్రం అది కొత్త సంఖ్య, కొత్త చెల్లింపు! అందుకే పెండింగ్ అని కనిపిస్తే బ్యాంకు ఖాతా చూసుకునేదాకా ఆగడమే మంచిది.

కొత్త యాప్ వేసుకున్నారా? ఓసారి ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరిచి చూడండి. కొన్న టికెట్టు కనిపిస్తోందా? సగం నింపిన ఫారం అలాగే ఉందా? నెట్ లేదన్న విషయం అర్థమయ్యే తెలుగులో చెబుతోందా? వీటికి అవునంటేనే ఆ యాప్‌ని ప్రయాణంలో నమ్ముకోవచ్చు. కాదంటే టికెట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, జేబులో నాలుగు నోట్లు ఉంచుకోండి!